నూరు నడకలు, ఒక మంచి పేరు



పల్లెలకు వెళ్ళినప్పుడు మేము తరచు చూసే దృశ్యం ఒకటుంది. ఇంటి ముందు అరుగు మీదో, వేపచెట్టు కింద నులకమంచం మీదో ఒక తాతగారు కూర్చుని ఉంటారు. ఇంట్లోవాళ్ళు పొలానికో, పనికో, బడికో వెళ్ళిపోయి ఉంటారు. "బాగున్నారా తాతగారూ?" అని పలకరిస్తే, "ఏం బాగు బాబూ, ఊరు పొమ్మంటోంది, కాడు రమ్మంటోంది. ఇక మా వల్ల అయ్యే పని ఏముంది?" అంటారు.

ఆ మాటకు జవాబుగా ఈ నెల ఒక పెద్దాయన సంగతి మీతో పంచుకోవాలనుకుంటున్నాము. ఆయన మన దేశస్థుడు కాడు. ఇంగ్లాండులో ఒక చిన్న పట్టణంలో పుట్టి, ముసలితనంలో ఒక పల్లెలో కూతురి ఇంట కాలం గడిపిన పాత సైనికుడు. పేరు టామ్ మూర్. లోకం ఆయనను కెప్టెన్ టామ్ అని పిలుచుకుంది. 2020వ సంవత్సరంలో కరోనా వార్తలు వింటూ ఇళ్ళలో కూర్చున్న రోజులలో మీలో కొందరు ఆయన ఫోటోను పత్రికలో చూసే ఉంటారు. కోటుకు యుద్ధ పతకాలు తగిలించుకుని, చక్రాల వాకర్ పట్టుకుని నడుస్తున్న ముసలాయన ఆయనే.

ఆయన చేసిన మంచి పని చాలామందికి తెలుసు. ఆయన కన్నుమూసిన తరువాత ఆయన పేరుకు ఏం జరిగిందో మన వైపు తెలిసినవారు తక్కువ. ఆ రెండో భాగం చేదుగా ఉంటుంది. అయినా మన కుటుంబాలకూ, సంఘాలకూ అదే ఎక్కువ అవసరమని మాకు తోచింది.

బర్మా దారిలో

టామ్ మూర్ గారు 1920 ఏప్రిల్ 30న యార్క్‌షైర్ ప్రాంతంలోని కీత్లీ అనే మిల్లుల పట్టణంలో పుట్టారు. ఇళ్ళు కట్టే కుటుంబం వారిది. తల్లి ఉపాధ్యాయురాలు. ఊళ్ళోని గ్రామర్ స్కూల్లో చదువుకుని, సివిల్ ఇంజనీరింగ్ పని నేర్చుకుంటూ ఉండగా రెండవ ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. 1940లో, ఇరవయ్యో ఏట, ఆయనకు సైన్యం నుంచి పిలుపు వచ్చింది. డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ రెజిమెంటులో సిపాయిగా చేరారు. మరుసటి ఏడాదికల్లా ఆఫీసరు అయ్యారు. తరువాత ఆయన దళాన్ని మన దేశానికి పంపించారు.

బొంబాయిలో దిగి, పూనా చేరి, అక్కడి నుంచి కలకత్తాకు రోడ్డు మీద ప్రయాణం చేశారు. వర్షాకాలం కావడంతో ఆ ప్రయాణానికి మూడు వారాలు పట్టింది. చిన్నప్పటి నుంచి మోటారు సైకిళ్ళంటే ఆయనకు ప్రాణం. అందుకని సైనికులకు మోటారు సైకిలు నడపడం నేర్పే బాధ్యతను పైఅధికారులు ఆయనకే అప్పగించారు. ఆ తరువాత బర్మా పడమటి తీరాన ఉన్న అరకాన్ ప్రాంతంలో పని చేశారు. అడవి, బురద, దోమలు. అక్కడ ఆయన డెంగీ జ్వరం బారిన పడి బ్రతికి బయటపడ్డారు.

బర్మా అంటే మన పెద్దవాళ్ళకు కొత్త దేశం కాదు. రంగూన్‌ను "రంగం" అని పిలుచుకుంటూ శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల నుంచి వేలమంది కూలికీ, ఉద్యోగాలకూ ఓడలెక్కి వెళ్ళిన దేశమది. 1942లో జపాను సైన్యం ముందుకు వచ్చినప్పుడు వాళ్ళలో ఎందరో పిల్లలను భుజాన వేసుకుని అడవుల వెంట నడిచి వచ్చారు. ఎందరో దారిలోనే రాలిపోయారు. అదే సంవత్సరం ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద, కాకినాడ మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. ఆ యుద్ధానికి మన దేశం నుంచి పాతిక లక్షల మంది సైనికులు వెళ్ళారు. పశ్చిమ గోదావరి జిల్లాలో మిలటరీ మాధవరం అని పేరు పడిన ఊరు కూడా వారిలో తన బిడ్డలను పంపింది. మూర్ గారు పని చేసిన పద్నాలుగవ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. కనుక ఆయన మనకు మరీ పరాయివాడు కాడు. మన తాతలు తొక్కిన బురదనే ఆయనా తొక్కాడు.

1944లో ఆయనకు కెప్టెన్ హోదా వచ్చింది. 1945 మొదట్లో ఇంగ్లాండుకు తిరిగి వెళ్ళి, యుద్ధ ట్యాంకుల శిక్షణ బడిలో పాఠాలు చెప్పారు. తరువాత సైన్యం వదిలి ఇల్లు చేరారు.

పేరు లేని సంవత్సరాలు

ఆ తరువాత డెబ్బై ఏళ్ళకు పైగా లోకానికి ఆయన ఎవరో తెలియదు. ఇంటి పైకప్పు సామాన్లు అమ్మే కంపెనీలో పని చేశారు. కాంక్రీటు సామాన్లు తయారు చేసే కర్మాగారానికి మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. సెలవు దినాల్లో మోటారు సైకిలు పందాలకు వెళ్ళేవారు. పెళ్ళి, ఇద్దరు కూతుళ్ళు, ఉద్యోగ విరమణ. మనలో ఎవరి జీవితమైనా ఇలాగే ఉంటుంది.

అయితే ఆ సంవత్సరాలలో ఆయన మానకుండా చేసిన పని ఒకటి ఉంది. తన రెజిమెంటులోని పాత సైనికులను ఏడాదికొకసారి ఒకచోట చేర్చే కూడికను ఆయనే ఏర్పాటు చేసేవారు. ఒకటి రెండేళ్ళు కాదు, 64 ఏళ్ళు. ఇలాంటి పని నెత్తిన వేసుకున్నవారికి అందులో కష్టమేమిటో తెలుసు. అందరి చిరునామాలు ఉండాలి. ఉత్తరాలు రాయాలి. జవాబు రాని వారికి మళ్ళీ రాయాలి. భోజనాలు చూడాలి. ఏటేటా వచ్చేవాళ్ళు తగ్గిపోతుంటే, మిగిలినవాళ్ళ కోసం మళ్ళీ మొదలు పెట్టాలి. ఇందుకు పతకం ఉండదు, పత్రికలో వార్త ఉండదు. నూరేళ్ళ వయసులో లోకం చూసిన ఓర్పు ఒక్క రోజులో వచ్చింది కాదు. ఈ 64 ఏళ్ళలో కుదురుకున్నది.

భార్య పమేలా గారికి ముసలితనంలో మతిమరుపు జబ్బు వచ్చి, చివరికి సంరక్షణ గృహంలో ఉంచవలసి వచ్చింది. మూర్ గారు ప్రతి రోజూ వెళ్ళి ఆమె దగ్గర కూర్చునేవారు. అక్కడ తమకోసం ఎవరూ రాని ముసలివాళ్ళను చూసి, ఒంటరితనం ఎంత పెద్ద జబ్బో ఆయన గ్రహించారు. ఆమె 2006లో కన్నుమూశారు. తరువాత ఆయన బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని మార్స్‌టన్ మోర్‌టేన్ అనే పల్లెలో చిన్న కూతురి కుటుంబంతో కలిసి ఉన్నారు. తాత, కూతురు, అల్లుడు, మనవలు అందరూ ఒకే ఇంట్లో. మన ఇళ్ళలాంటి ఇల్లే.

2018లో ఆయన ఇంట్లో పడిపోయారు. తుంటి ఎముక విరిగింది, ఊపిరితిత్తికి గాయమైంది. 98 ఏళ్ళ మనిషి అలా పడితే మన ఊళ్ళో ఏమంటారో మీకు తెలుసు. కాని అక్కడి ప్రభుత్వ ఆసుపత్రి డాక్టర్లూ, నర్సులూ ఆయనను మళ్ళీ నిలబెట్టారు. ఆ దేశంలో 1948 నుంచి ప్రజల పన్నులతో నడుస్తున్న జాతీయ ఆరోగ్య సేవ ఉంది. రోగి చేతి నుంచి డబ్బు అడగకుండా వైద్యం చేయడం దాని పద్ధతి. తనను కడిగి, తుడిచి, నడిపించిన ఆ నర్సుల మేలును ఆయన మరచిపోలేదు.

ఇంటి ముందు నడక

2020 మార్చిలో కరోనా వల్ల అక్కడా ఇక్కడా తలుపులు మూసుకున్నాయి. ఆసుపత్రులలో పనిచేసేవాళ్ళు తమ ప్రాణాలు ఒడ్డి రోగులను చూస్తున్నారు. ఏప్రిల్‌లో ఒకరోజు మూర్ గారు ఇంటి ఆవరణలో వాకర్ పట్టుకుని నడుస్తుంటే, నూరో పుట్టినరోజు వచ్చేలోగా నూరుసార్లు నడవగలరా అని ఇంట్లోవాళ్ళు సరదాగా అడిగారు. ఆయన సరే అన్నారు. ఆ సరదా మాటను ఆసుపత్రి సిబ్బందికి సాయం చేసే పనిగా మార్చారు.

ఆ దారి పొడవు 25 మీటర్లు. నూరుసార్లు నడిస్తే రెండున్నర కిలోమీటర్లు. మన రైతు పొద్దున్నే పొలానికి వెళ్ళి వచ్చేంత దూరం కూడా కాదు. కాని విరిగిన తుంటితో, 99 ఏళ్ళ వయసులో, రోజుకు పది విడతల చొప్పున నడవడం ఆయనకు కొండ ఎక్కడమే. ఏప్రిల్ 6న మొదలు పెట్టారు. వెయ్యి పౌండ్లు పోగు చేయాలన్నది కోరిక. అంటే అప్పటి లెక్కన లక్ష రూపాయల లోపు.

ఆ వెయ్యి నాలుగైదు రోజుల్లోనే వచ్చేసింది. తరువాత రేడియో, టీవీ ఆయన ఇంటి ముందు నిలిచాయి. ఏప్రిల్ 16న నూరో నడక పూర్తి చేస్తుంటే యార్క్‌షైర్ రెజిమెంటు సైనికులు రెండు వైపులా నిలబడి గౌరవించారు. ఆయన అక్కడితో ఆగలేదు, మరో నూరు నడుస్తానన్నారు. నూరో పుట్టినరోజు రాత్రి లెక్క ముగిసేసరికి 3 కోట్ల 27 లక్షల పౌండ్లు దాటింది. మన డబ్బులో మూడు వందల కోట్ల రూపాయల పైమాట.

ఈ మొత్తం ఎవరో పది మంది కోటీశ్వరులు ఇచ్చింది కాదు. 15 లక్షల మందికి పైగా తలా కొంత ఇచ్చారు. సగటున చూస్తే మనిషికి ఇరవై పౌండ్ల పైచిలుకు. చినుకు చినుకు కలిస్తేనే చెరువు నిండుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు. అలసిపోయిన నర్సులు కాసేపు కూర్చోవడానికి గదులు, వారి మనసుకు ఊరటనిచ్చే సలహాదారులు, ఇంటివాళ్ళ ముఖం చూడలేని రోగులు మాట్లాడుకోవడానికి చిన్న యంత్రాలు, ఇలాంటి వాటికి ఆసుపత్రుల సహాయ నిధుల నుంచి డబ్బు అందింది.

పుట్టినరోజుకు లక్షకు పైగా శుభాకాంక్షల కార్డులు వచ్చాయి. వాటిని పరచడానికి మనవడి బడిలోని పెద్ద హాలు కావలసి వచ్చింది. జూలై 17న విండ్సర్ కోటలో ఎలిజబెత్ రాణిగారు తన తండ్రి కత్తితో ఆయన భుజాలు తాకి సర్ బిరుదు ఇచ్చారు. వీటన్నిటికంటే మమ్మల్ని కదిలించిన సంగతి మరొకటి ఉంది. ఆయనను టీవీలో చూసిన అయిదేళ్ళ బాలుడొకడు, రెండు కాళ్ళూ లేని పసివాడు, కృత్రిమ కాళ్ళతో తానూ నడుస్తానన్నాడు. నెలంతా కొద్దికొద్దిగా పది కిలోమీటర్లు నడిచి, తనకు వైద్యం చేసిన ఆసుపత్రికి పది లక్షల పౌండ్లకు పైగా సంపాదించి పెట్టాడు. తాత నడక చూసి పసివాడు నడిచాడు.

2021 ఫిబ్రవరి 2న కెప్టెన్ టామ్ గారు న్యుమోనియా, కరోనాతో బెడ్‌ఫర్డ్ ఆసుపత్రిలో కన్నుమూశారు. అప్పటి నిబంధనల వల్ల అంత్యక్రియలకు కుటుంబంలోని ఎనిమిది మంది మాత్రమే వెళ్ళారు.

చెట్టు పేరు చెప్పి

ఇక చేదు భాగం.

ఆ నడక జరిగిన కొద్ది వారాలకే ఆయన పేరు మీద ఒక ధర్మసంస్థ ఏర్పడింది. ఆయన గొప్ప పేరు దానికి పెట్టుబడి. ఆయన పోయిన తరువాత ప్రజలలో గుసగుసలు మొదలయ్యాయి. ధర్మసంస్థలను పర్యవేక్షించే ప్రభుత్వ కమిషన్ 2022లో విచారణ చేపట్టి, 2024 నవంబరులో నివేదిక ఇచ్చింది. సంస్థ పనినీ, కుటుంబ వ్యాపారాన్నీ వేరుగా ఉంచలేదనీ, మళ్ళీ మళ్ళీ తప్పులు జరిగాయనీ, కుటుంబానికి స్వలాభం కలిగిందనీ తేల్చింది. ఆయన ఆత్మకథను కొంటే ఆ డబ్బులో కొంత ధర్మానికి వెళుతుందని జనం అనుకున్నారు. పుస్తకాల ముందస్తు సొమ్ము దాదాపు 15 లక్షల పౌండ్లు కుటుంబ కంపెనీకి చేరింది. ధర్మసంస్థ పని కోసమని ఇంటి స్థలంలో ఒక భవనానికి అనుమతి తీసుకుని, అనుమతికి మించి పెద్దది కట్టి, అందులో స్నానపు కొలను పెట్టారు. స్థానిక కౌన్సిల్ ఒప్పుకోలేదు. అప్పీలు కూడా ఓడిపోయింది. 2024లో ఆ కట్టడాన్ని కూల్చివేశారు. కూతురూ అల్లుడూ కొన్నేళ్ళపాటు ఏ ధర్మసంస్థలోనూ బాధ్యత వహించరాదని కమిషన్ నిషేధించింది. తమకు అన్యాయం జరిగిందని ఆ కుటుంబం చెప్పుకుంది.

ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. ఆయన నడిచి పోగు చేసిన కోట్ల పౌండ్లకూ ఈ విచారణకూ సంబంధం లేదు. ఆ డబ్బు ఆసుపత్రుల నిధికే చేరింది. ఆయన పని చెడలేదు. కాని ఆయన పేరు వినగానే చిరునవ్వు నవ్విన జనం ఇప్పుడు తల ఊపి నిట్టూరుస్తున్నారు. ఇది ఆయన సంపాదించుకున్నది కాదు, ఆయనకు అంటగట్టబడినది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. కాయలమ్మినవాడు ఇంటికి వెళ్ళిపోతాడు, చెడ్డపేరు చెట్టుకు మిగులుతుంది.

మన ఇంటికీ, మన సంఘానికీ

ఆ కుటుంబం మీద తీర్పు తీర్చడానికి మేము దీన్ని రాయలేదు. వాళ్ళు పెంచిన తోటలోనే ఆ నడక మొదలైందని కూడా గుర్తుంచుకోవాలి. తండ్రిని చివరిదాకా ఇంట్లో పెట్టుకుని చూసుకున్నది కూడా వాళ్ళే. మంచి చేసిన చేతులే తరువాత జారవచ్చు. అందుకే భయపడవలసినది మనమే.

మన ఊళ్ళో చూడండి. కష్టపడి గుడి కట్టించిన పెద్దాయన ఉంటారు. రాత్రి బడి నడిపిన పంతులుగారు ఉంటారు. ఊరికి బావి తవ్వించిన పాత మిలటరీ ఆయన ఉంటారు. ఆయన పోయాక ఆయన పేరున పిల్లలు ఒక సంఘమో, నిధో పెడతారు. ఉద్దేశం మంచిదే. కాని లెక్క పుస్తకం ఎవరి దగ్గర ఉంది? ఇంటి డబ్బూ, నిధి డబ్బూ ఒకే బీరువాలో ఉన్నాయా? "మనవాళ్ళే కదా, లెక్క అడిగితే ఏమనుకుంటారో" అని మొగమాటపడుతున్నామా? ఆ మొగమాటం దగ్గరే దొంగతనానికి ముందు మెట్టు ఉంటుంది. లెక్క అడగడం అనుమానించడం కాదు. లెక్క చూపించేవాడి పేరును కాపాడడం. ఒకే ఇంటివాళ్ళు కాక ఇద్దరు ముగ్గురు వేరువేరు ఇళ్ళవాళ్ళు సంతకం చేయాలి. ఏడాదికొకసారి అందరి ముందూ చదివి వినిపించాలి. పేద విధవరాలు కొంగుముడి విప్పి ఇచ్చిన అయిదు రూపాయలకు కూడా అందులో చోటుండాలి. ఇంతకుమించి పెద్ద చదువేమీ అక్కరలేదు.

ఐశ్వర్యం కంటే మంచి పేరు కోరదగినదని సామెతల గ్రంథం చదివి పెరిగినవాళ్ళం మనం. మంచి పేరు సంపాదించడానికి ఆయనకు నూరేళ్ళు పట్టింది. దానికి మచ్చ పడడానికి మూడేళ్ళు చాలాయి. తండ్రి పొలం మనకు రాసి ఇస్తే అది మన సొంతం. తండ్రి పేరు అలా కాదు. అది మన దగ్గర దాచమని ఇచ్చిన సొమ్ము. ఖర్చు పెట్టుకునే హక్కు మనకు లేదు.

ఇక అరుగు మీద కూర్చున్న తాతగారికీ, నాయనమ్మగారికీ ఒక మాట. "మా వల్ల ఏమవుతుంది?" అని మీరు అడిగారు. కెప్టెన్ టామ్ గారు కూడా ఎక్కడికీ వెళ్ళలేదు. తన ఇంటి ఆవరణ దాటలేదు. పాతిక మీటర్లు నడిచారు, మళ్ళీ వెనక్కి తిరిగి నడిచారు. మీ వీధిలో మంచాన పడి ఉన్న మీ ఈడువారు ఒకరు ఉంటారు. వారింటికి మీ ఇంటి నుంచి ఎన్ని అడుగులో ఒకసారి లెక్కపెట్టండి. రేపు సాయంత్రం ఎండ తగ్గాక చేతికర్ర పట్టుకుని వెళ్ళి, కాసేపు కూర్చుని, మాట్లాడి రండి. ఎల్లుండి మళ్ళీ వెళ్ళండి.

పసివాళ్ళు మిమ్మల్ని చూస్తూనే ఉంటారు.